చక్రం నట్టు ఎంత బిగించాలో చెప్పే కొలత ఉంది, దాన్ని వాడండి

సంపాదకులకు నమస్కారం.

నేను రామంతాపూర్‌లో ఉంటాను. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 29 ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ ఉత్తరం మా కారు చక్రానికి ఉన్న ఒక నట్టు గురించి. అది ఊడి రావడానికి మూడు రోజులు పట్టింది. ఇంత చిన్న విషయానికి పత్రికలో చోటెందుకని మీకు అనిపించవచ్చు. అదే నట్టు మా ఇంటి ముందు కాకుండా రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద మొండికేసి ఉంటే నా గతి ఏమయ్యేదో తలచుకున్నాకే రాయడానికి కూర్చున్నాను.

మాది 2012లో కొన్న ఆల్టో. మావారు ఉన్నన్నాళ్లూ కారు మంచిచెడ్డలు ఆయనే చూసుకునేవారు. ఆయన పోయాక అమ్మేయమని పిల్లలు చెప్పారు. నాకు మనసొప్పలేదు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మా అన్న దగ్గర కూర్చుని చిన్న చిన్న పనులు నేర్చుకున్నాను. ఇంజన్ ఆయిల్ చూడటం, ఎయిర్ ఫిల్టర్ దులపడం, బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్లతో కడగడం, పదివేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చడం, ఇవన్నీ ఇప్పుడు నేనే చేసుకుంటాను. మావారి టూల్ బ్యాగు నెలకోసారైనా తెరిచే పని ఉండటం నాకు ఇష్టం.

మొన్న జూన్ మొదటి ఆదివారం, వానలు పడకముందే టైర్లు మార్చేద్దామని పొద్దున్నే మొదలుపెట్టాను. జాకీ ఎక్కించకముందే, చక్రాలు నేల మీద ఉండగానే నట్లన్నీ పావు చుట్టు వదులు చేసుకోవాలి. బండి గాల్లో ఉన్నప్పుడు నట్టు మీద బలం పెడితే జాకీ మీద నుంచి జారి పడుతుంది. చక్రానికి నాలుగు చొప్పున పదహారు నట్లు. పదిహేను వచ్చాయి. ముందు ఎడమ చక్రం మీది ఒకటి మాత్రం ఇంత కూడా కదల్లేదు.

కారుతో పాటు వచ్చిన ఎల్ రాడ్డు పెట్టి కాలితో తొక్కాను. రెండోసారి తొక్కినప్పుడు రాడ్డు నట్టు అంచుల మీద నుంచి జారింది. పక్కింటి అబ్బాయి చూసి, "ఆంటీ, పైపు తొడిగి లాగుదాం" అంటూ ఇనుప పైపు ముక్క ఒకటి తెచ్చాడు. మంచి పిల్లవాడు, సాయం చేద్దామనే వచ్చాడు. పైపుతో బలం రెట్టింపయింది. నట్టు తిరగలేదు, దాని ఆరు అంచులూ అరిగిపోయాయి. నట్టు 'స్లిప్ అయింది' అని మెకానిక్కులు అనేది దీన్నే. వేలు పెట్టి తడిమితే అంచనేదే తగల్లేదు, గోళీలా నున్నగా ఉంది.

అన్నకు ఫోన్ చేశాను. ఆయన బోడుప్పల్‌లో ఉంటాడు.

"ఎంతసేపటి సంది గుంజుతున్నవ్ చెల్లె?" అని అడిగాడు.

"అరగంటైంది అన్నా."

"ఇగ ముట్టకు. ఒక్కపారి జారినంక ఇంకో పది పార్లు గుంజితె పనికొచ్చే ఇనుము మిగలదు. సాయంత్రం నేనొస్త."

ఇంట్లో కారు పని చేసుకునేవాళ్లందరికీ ఆ ఒక్క మాట చేరితే చాలు అనిపిస్తుంది నాకు. రాడ్డు మొదటిసారి జారినప్పుడే ఆపి ఉంటే, నట్టుకు ఇంకా నాలుగు అంచులైనా మిగిలేవి. సరైన పనిముట్టుకు అవి సరిపోయేవి.

అసలు ఆ నట్టు ఎందుకు పట్టేసిందో చెప్పాలి. 2020 అక్టోబర్ వానలప్పుడు మా కాలనీలోకి నీళ్లు వచ్చి కారు రెండు రోజులు సగం చక్రాల దాకా మునిగి ఉంది. ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. నట్టు మరలకూ, ఆ నట్టు ఎక్కే మరల కడ్డీ అయిన స్టడ్ మరలకూ మధ్య ఉండే ఖాళీ వెంట్రుకవాసి. తుప్పు ఆ కాస్త ఖాళీని నింపేస్తే రెండూ ఒకే ముక్కలా పట్టుకుంటాయి. కానీ ఆ వరదల తర్వాత కూడా ఈ నట్లు ఎన్నోసార్లు ఊడాయి, మళ్లీ ఎక్కాయి. నేరమంతా తుప్పు మీద తోసేయలేను.

ఫిబ్రవరిలో ఉప్పల్ వైపు నుంచి వస్తుంటే అదే చక్రం పంక్చరైంది. దగ్గర్లో ఉన్న ఒక షాపులో ఆపాను. పని చేసిన కుర్రాడు చురుకైనవాడు. గాలి ఒత్తిడితో నట్లు తిప్పే ఎయిర్ గన్‌తో నాలుగు నట్లూ క్షణాల్లో ఊడదీశాడు. టైరు బాగు చేశాక నట్లను చేత్తో మర ఎక్కించకుండా, ఒక్కోదాన్నీ గన్ మూతిలో పెట్టి నేరుగా స్టడ్ మీదికి తోశాడు. మూడు నట్లు నున్నగా ఎక్కాయి. నాలుగోది గరగరమంటూ ఎక్కింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. అప్పుడే అడగాల్సింది, అడగలేదు. చివర్లో నాలుగింటి మీదా గన్ పెట్టి చాలాసేపు ఆగకుండా కొట్టి, "ఫుల్ టైట్ చేసిన మేడం, ఇగ జన్మల ఊడదు" అన్నాడు. అతను దాన్ని మంచి పని అనుకునే చెప్పాడు. వాడలో అందరూ అలాగే అనుకుంటారు. ఎంత బిగిస్తే అంత భద్రం అనే ఈ నమ్మకం గురించే నేను రాస్తున్నాను.

నట్టు బిగించినప్పుడు ఏం జరుగుతుంది? స్టడ్ అనే ఉక్కు కడ్డీ పిసరంత సాగుతుంది. సాగిన రబ్బరు బ్యాండులా అది వెనక్కి గుంజుకోవాలని చూస్తుంది. చక్రాన్ని పట్టి ఉంచేది ఆ గుంజుడే. ప్రతి లోహానికీ ఒక స్థితిస్థాపక అవధి ఉంటుంది, అంతవరకు సాగితే వెనక్కి వస్తుంది, అది దాటితే రాదు అని ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఏటా బోర్డు మీద గీసి చూపించాను. అతిగా బిగించిన స్టడ్ ఆ గీత దాటిపోయిన స్టడ్. అది పైకి గట్టిగానే కనిపిస్తుంది కానీ పట్టు తగ్గుతూ ఉంటుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి విరుగుతుంది.

అందుకే ప్రతి కారు కంపెనీ చక్రం నట్టు ఎంత బిగించాలో లెక్క ఇస్తుంది. మా కారు పుస్తకంలో 85 న్యూటన్ మీటర్లు అని ఉంది. చిన్న కార్లకు మామూలుగా 80 నుంచి 110 మధ్య ఉంటుంది. 85 న్యూటన్ మీటర్లంటే, ఒక మీటరు రాడ్డు కొసకు ఎనిమిదిన్నర కిలోల పైచిలుకు బరువు వేలాడదీసినంత. రాడ్డు పొడుగు తగ్గితే బరువు ఆ మేరకు పెరగాలి. కారుతో ఇచ్చే రాడ్డు సుమారు 30 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి దాని కొసన 29 కిలోలు పడాలి. కొంచెం కష్టపడితే ఆడవాళ్లయినా, పెద్దవాళ్లయినా వేయగల బలమే అది. కంపెనీ ఆ రాడ్డు ఇచ్చింది కూడా ఆ లెక్క ప్రకారమే.

ఇప్పుడు ఎయిర్ గన్ సంగతి చూడండి. షాపుల్లో వాడే గన్నుల్లో చాలా వాటికి 400 న్యూటన్ మీటర్లు, అంతకు మించి కూడా కొట్టే శక్తి ఉంటుంది. నా బరువు 54 కిలోలు. 30 సెంటీమీటర్ల రాడ్డు కొస మీద నేను పూర్తిగా నిలబడినా నట్టు మీద పడేది 160 న్యూటన్ మీటర్ల లోపే. అంటే 300కి బిగించిన నట్టును, దానికి తుప్పు లేకపోయినా, మర చెడకపోయినా, నా కారుతో వచ్చిన పనిముట్టుతో నేను విప్పలేను. డిక్కీలో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, రాడ్డు ఉంది, అయినా ఏదీ పనికిరాదు. ఆ సంగతి మనకు తెలిసేది ఎప్పుడు? టైరు పేలి రోడ్డు పక్కన నిలబడినప్పుడు.

ఇలా తిప్పే బలాన్ని లెక్కగట్టే బలభ్రామకం (టార్క్) పాఠం కొన్ని వేలమంది పిల్లలకు చెప్పాను. ఈ లెక్క నా సొంత కారుకు వేసుకుని చూడటం ఇదే మొదటిసారి. వేశాక ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మా కోడలు పసిపిల్లతో ఒంటరిగా కారు నడుపుకుంటూ వరంగల్ వెళ్లొస్తుంటుంది. ఆమె నా కన్నా సన్నం.

ఇక ఆ నట్టును ఎలా తీశామో చెబుతాను. ఎవరికైనా పనికొస్తుంది.

ఆదివారం సాయంత్రం అన్న రావడానికి ముందే ఒక వెల్డింగ్ షాపతన్ని అడిగాను. గ్యాస్ మంట పెట్టి నట్టు ఎర్రగా కాలిస్తే రెండు నిమిషాల్లో వస్తుందన్నాడు. వేడికి నట్టు వ్యాకోచించి వదులవుతుందన్నది నిజమే. కానీ గాలి నిండిన టైరుకు జానెడు దూరంలో మంట పెట్టడం ప్రాణాంతకం. లోపల రబ్బరు కాలి వాయువులు పుట్టి టైరు బాంబులా పేలవచ్చు. దయచేసి ఎవరూ ఒప్పుకోకండి. నేను వద్దని వచ్చేశాను.

అన్న వచ్చి ముందు హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు ఆనించాడు. తీగ బ్రష్‌తో నట్టు చుట్టూ మట్టి, తుప్పు గీకాడు. తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టే ముందు చక్రం రంధ్రాల్లో పాత బట్టలు కుక్కించాడు. లోపల బ్రేకు డిస్కు మీద నూనె చుక్క పడినా బ్రేకు పట్టదు. స్ప్రే కొట్టి, సుత్తితో నట్టు మీద చిన్న చిన్న దెబ్బలు వేసి, మళ్లీ స్ప్రే కొట్టి వదిలేశాడు. దెబ్బకు తుప్పు పొరలో సన్నటి పగుళ్లు పడి నూనె లోపలికి దిగుతుందట. ఇలా పూటకోసారి చేయమన్నాడు. మన ఇళ్లలో ఉండే డబ్ల్యూడీ-40 డబ్బా కూడా కొంత పని చేస్తుంది. అయితే అది 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో లోహం మీద తేమ చేరకుండా చూడటానికి తయారైన ద్రవం. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి పేరులో ఆ అంకె. పట్టేసిన మరల్లోకి దిగడానికే చేసిన నూనెలు వేరేగా దొరుకుతాయి, అవి మేలు.

సోమవారం రాణిగంజ్ వెళ్లాను. అక్కడ పనిముట్ల షాపులో పెద్దాయన నా ఫోన్‌లో ఫొటో చూసి, రెండు గోటీలు తీసి కౌంటర్ మీద పెట్టాడు. గోటీ అంటే నట్టు మీద టోపీలా కూర్చునే పానా. "రెండింట్లోనూ వేలు పెట్టి చూడమ్మా" అన్నాడు. ఒకదాని లోపల పన్నెండు మూలలున్నాయి, ఇంకోదానికి ఆరు. పన్నెండు మూలలది నట్టుకు తొందరగా తొడుక్కుంటుంది కానీ దాని బలమంతా నట్టు అంచుల దగ్గరే పడుతుంది. బిగుసుకున్న నట్టు అంచులు అక్కడే అరుగుతాయి. ఆరు మూలలది నట్టు పక్క చదరాలను పట్టుకుంటుంది. మా నట్టు 19 నంబరు. అంచులు అరిగింది కాబట్టి ఒక నంబరు తక్కువ, 18 నంబరు ఆరు మూలల గోటీ ఇచ్చాడు, 120 రూపాయలు. దానికి రెండడుగుల రాడ్డు ఒకటి. లోపల ఎడమవైపు మెలి తిరిగిన పళ్లుండే ప్రత్యేకమైన గోటీలు కూడా చూపించాడు. తిప్పేకొద్దీ అవి నట్టును కొరికి పట్టుకుంటాయి. దీనితో రాకపోతే అది తీసుకెళ్లమన్నాడు. ఎక్కువ ఖరీదుది ముందే అంటగట్టని ఆ పెద్దాయనకు ఇక్కడి నుంచే నమస్కారం పెడుతున్నాను.

మంగళవారం పొద్దున అన్న ఆ 18 నంబరు గోటీని నట్టు మీద తిన్నగా ఆనించి, పెద్ద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దిగగొట్టాడు. కళ్లకు అద్దాలు పెట్టుకోమని నన్నూ, ఆ అబ్బాయినీ దూరం జరిపాడు. రాడ్డు తగిలించి నా చేతికిచ్చి, "ముందుగాల బిగించు" అన్నాడు. విప్పాల్సిన నట్టును బిగించడమేమిటని చూశాను. "కొంచెమే. అటు కదిలినా కదిలినట్టే గద. కదిలితె పొర తెగుతది."

బిగించే వైపు ఒక ఒత్తు, విప్పే వైపు ఒక ఒత్తు. మళ్లీ అటు, మళ్లీ ఇటు. ఆరో ఏడో సారికి 'టప్' మని చప్పుడైంది. స్టడ్ విరిగిందనే అనుకున్నాను. అన్న వంగి చూసి, "వచ్చింది" అన్నాడు. అక్కడి నుంచి కూడా ఒకేసారి తిప్పనివ్వలేదు. పావు చుట్టు వెనక్కి, సగం పావు ముందుకు, మధ్యమధ్య నూనె. నట్టుతో పాటు మరల నుంచి ఊడిన సన్నటి ఇనుప పోగు మెరుస్తూ బయటికి వచ్చింది. ఫిబ్రవరిలో విన్న గరగర అదే. మర తప్పి ఎక్కిన నట్టు కొత్త దారి కోసుకుంటూ పోయింది. నట్టు గోటీలోనే ఇరుక్కుపోతే వెనక నుంచి కడ్డీ పెట్టి కొట్టి తీశాం.

స్టడ్ చెడిపోయింది. దాన్ని మార్చడం ఇంటి పని కాదు. మూడు నట్ల మీద బండి నడపకూడదు కాబట్టి మెకానిక్‌నే ఇంటికి పిలిపించి మార్పించాం. ఆ తర్వాత నేను 2,800 రూపాయలు పెట్టి టార్క్ రెంచ్ కొన్నాను. కావాల్సిన అంకె దగ్గర పెడితే అంతవరకు బిగిసి 'టిక్' మంటుంది. అక్కడ ఆపాలి. నట్లను మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతో ఎక్కించి, ఒకదాని తర్వాత దాని ఎదురుది బిగిస్తూ వచ్చాను. యాభై కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూశాను. మరలకు గ్రీజు రాయనా అంటే అన్న వద్దన్నాడు. కంపెనీ ఇచ్చిన అంకె పొడి మరలకు. గ్రీజు రాస్తే అదే అంకెకు స్టడ్ ఇంకా ఎక్కువ సాగుతుంది.

ఎయిర్ గన్ తీసేయమని నేను అనడం లేదు. అన్నతో ఆ మాటంటే ఒప్పుకోలేదు. "గన్ వచ్చినంకనే మా భుజాలు బతికినయ్" అన్నాడు. రోజుకు నలభై చక్రాలు విప్పేవాళ్లకు అది కావాల్సిందే. విప్పడానికి వాడండి. ఎక్కించేటప్పుడు మొదటి చుట్లు చేత్తో, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో చేయండి. చక్రానికి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. టైర్ల షాపులు, సర్వీసు సెంటర్లు ఎంతకు బిగించారో బిల్లు మీద ఆ అంకె రాసివ్వాలని కోరుతున్నాను. టైరులో గాలి ఎంత పెట్టారో అంకెతో చెబుతున్నారు కదా, ఇదీ అలాంటిదే. రవాణా శాఖ ఈ సంగతి పరిశీలించాలి. కారు నేర్పే స్కూళ్లలో ప్రతి ఒక్కరి చేతా, ముఖ్యంగా ఆడపిల్లల చేత, లైసెన్సుకు ముందే ఒక్కసారైనా స్టెప్నీ మార్పించాలి.

ఈ ఊరు పనిముట్లు తెలియని ఊరు కాదు. కవాడిగూడ ప్రాగా టూల్స్‌లో, హెచ్ఎంటీలో పనిచేసిన కుటుంబాలు ఇప్పటికీ మా చుట్టుపక్కల ఉన్నాయి. బాలానగర్‌లో 1968 నుంచి పనిముట్ల తయారీ నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, మల్లేపల్లిలో ఐటీఐ ఉంది. పంక్చర్ షాపుల్లో పనిచేసే పిల్లల్లో చాలామందికి ఎవరూ ఏదీ నేర్పలేదు. చూసి నేర్చుకున్నారు, చూసింది తప్పయితే తప్పే నేర్చుకున్నారు. ఈ సంస్థలు నెలకో ఆదివారం ఒక్క పూట వాళ్లను పిలిచి, రోజు కూలి నష్టపోకుండా ఏదైనా ఇచ్చి, టార్క్ రెంచ్ చేతిలో పెట్టి చూపిస్తే ఎంత బాగుంటుంది. మా అన్నలాంటి రిటైరైన మెకానిక్కులు నేర్పడానికి సిద్ధంగా ఉన్నారు. నేను లెక్క చెప్పడానికి వస్తాను.

ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. ఈ ఆదివారం ఇంటి ముందు, పగటిపూట, బండి నేల మీద ఉండగా, కారుతో వచ్చిన రాడ్డుతోనే మీ చక్రాల నట్లు ఒక్కోటీ పావు చుట్టు వదులవుతాయేమో చూసుకోండి. చూసి, వెంటనే మళ్లీ బిగించండి. ఇంట్లో కారు నడిపే వాళ్లందరి చేతా విడివిడిగా చేయించండి. మీ అబ్బాయి విప్పగలిగినంత మాత్రాన మీ అమ్మాయి విప్పగలదని కాదు.

మా కాలనీలో ఇప్పటికి పదకొండు కార్ల నట్లు విప్పి, పుస్తకంలో ఉన్న అంకెకు మళ్లీ బిగించాం. వాటిలో నాలుగు కార్లవి తమతో వచ్చిన రాడ్డుకు ఊడలేదు. ఆ నాలుగిట్లో ఒకటి, మర్నాడు తెల్లవారుజామున శ్రీశైలం బయల్దేరాల్సిన కారు.

ఇట్లు,
రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
రామంతాపూర్, హైదరాబాద్.